ఆరుగురు ఆరు రకాలుగా గీస్తే హీరో ఒక్కడేనా, ఆరుగురా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "యానిమేషన్ డిప్లొమా ఫైనల్ ఇయర్‌లో మేం ఆరుగురం. తలా రెండు నిమిషాలు చేసి, ఆరూ కలిపి ఒక సూపర్‌హీరో ఆంథాలజీ చేద్దామనుకున్నాం. మా ఫ్రెండ్ 'బ్యాట్‌మాన్: గోథమ్ నైట్' చూపించి, అందులో పది నిమిషాలకోసారి బ్యాట్‌మాన్ మొహమే మారిపోతుంది, కాబట్టి మనమూ ఎవరి స్టైల్‌లో వాళ్లు గీయొచ్చు అంటున్నాడు. మా గైడ్ సార్ మాత్రం అందరికీ ఒకటే మోడల్ షీట్ (పాత్ర మొహం, కొలతలు ఎలా ఉండాలో చూపే నమూనా) అంటున్నారు. ఎవరు కరెక్ట్?"

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఆరుగురికీ మీ గైడ్ సార్ మాటే ఎక్కువ పనికొస్తుంది. కానీ ఆయన చెప్పిన మోడల్ షీట్ కాదు మీకు కావాల్సింది. మొహం, కొలతలు, గీత మందం ఎవరిష్టం వాళ్లకి వదిలేయండి. హీరో ఒంటి మీద రెండు మూడు గుర్తులు, గొంతు, ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకి చేతులు మారే ఒక వస్తువు, వీటిని మాత్రం బిగించేయండి. మీ ఫ్రెండ్ చూపించిన సినిమా కూడా చేసింది అదే. అయితే వాళ్లకున్న ఒక సౌకర్యం మీకు లేదు. అదేంటో వివరంగా చెబుతాను.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఇన్‌బిట్వీనర్‌గా (రెండు ముఖ్య భంగిమల మధ్య బొమ్మలు గీసేవాడిగా) మొదలుపెట్టి, క్లీన్‌అప్ (కచ్చా గీతల్ని శుభ్రంగా గీయడం) చేసి, ఇప్పుడు స్టోరీబోర్డులు (షాట్ల వరస చూపే బొమ్మలు) గీస్తున్నాను. ఎక్కువగా బయటి దేశాల టీవీ సీరియళ్ల పనే. అంటే మోడల్ షీట్‌కి అర మిల్లీమీటర్ అటూ ఇటూ అయినా షాట్ వెనక్కి తిప్పి పంపే వాతావరణంలో పెరిగినవాణ్ణి. అందుకే 2008లో 'గోథమ్ నైట్' డీవీడీ చేతికొచ్చినప్పుడు నాకు మొదట వచ్చింది కోపం. ఒకే హీరోని ఇన్ని రకాలుగా ఎలా ఒప్పుకున్నారని. రెండోసారి చూసినప్పుడు కోపం పోయి అసూయ మొదలైంది. (అన్నట్టు, ఈ 'నైట్' రాత్రి కాదు, యోధుడు. తెలుగులో రాస్తే రెండూ ఒక్కటే కావడం వల్ల మా రూమ్మేట్ చాలాకాలం "గోథమ్‌లో రాత్రి" అనే అనుకున్నాడు. అదీ బాగానే నప్పింది.)

సినిమా తెలియనివాళ్ల కోసం కాస్త. 2005లో వచ్చిన 'బ్యాట్‌మాన్ బిగిన్స్'కీ, 2008 జూలైలో వచ్చిన 'ది డార్క్ నైట్'కీ మధ్య కాలంలో జరిగే కథలివి. ఆరు పొట్టి సినిమాలు, మొత్తం గంటంపావు. కథలు రాసింది అమెరికా రచయితలు, బొమ్మ కట్టింది జపాన్ స్టూడియోలు. స్టూడియో ఫోర్ డిగ్రీస్ సి రెండు, మ్యాడ్‌హౌస్ రెండు, ప్రొడక్షన్ ఐజీ ఒకటి, బీ ట్రెయిన్ ఒకటి. ఆరుగురు రచయితలు, ఆరుగురు దర్శకులు, ముగ్గురు సంగీతకర్తలు. మీ ఫ్రెండ్ చెప్పినట్టు బ్యాట్‌మాన్ ఒకచోట కండలు తిరిగిన మొరటు మనిషి, ఒకచోట సన్నగా అమ్మాయిల పోస్టర్ హీరోలా ఉండే కుర్రాడు, ఇంకోచోట ముసుగూ సిరా మరకా తేడా తెలియని ఆకారం.

మరి మనం తికమక పడమా? పడం. దానికి రెండు కారణాలు.

మొదటిది, బ్యాట్‌మాన్ పుట్టింది 1939లో. ఈ సినిమా వచ్చేసరికి అరవై తొమ్మిదేళ్లు. రెండు చెవుల ముసుగు, వెనక గబ్బిలం రెక్కల్లాంటి కేప్ కనపడితే చాలు, మిగతాది చూసేవాళ్లే పూరించుకుంటారు. మనకి రాముడెలాగో అలాగన్నమాట. బాపు గీసిన రాముడూ వడ్డాది పాపయ్య గీసిన రాముడూ ఒక్కలా ఉండరు. ముక్కు వేరు, భుజాలు వేరు, చూపు వేరు. అయినా ఇద్దర్నీ చూసి "ఇతనెవరు?" అని ఎవరూ అడగలేదు. తోలుబొమ్మలాటలో అయితే తోక కనపడగానే వెనక వరసలో పిల్లలు కూడా హనుమంతుడని అరిచేస్తారు. ఆ పరిచయం తరతరాలుగా జమ అయిన సొమ్ము. మీ హీరోకి ఆ బ్యాంకు ఖాతానే లేదు. మొదటి రెండు నిమిషాల్లో ఎంత వేస్తే అంతే, ఆ తర్వాత పది నిమిషాలూ అందులోంచే తీసి ఖర్చుపెట్టాలి.

రెండో కారణం చాలామంది గమనించరు. నాకు అసూయ పుట్టించింది అదే. మొదటి సినిమా మిగతా ఐదింటికీ పర్మిషన్ తీసుకుంటుంది. షోజిరో నిషిమి దర్శకత్వం చేసిన ఆ భాగంలో స్కేట్‌బోర్డులు తొక్కే పిల్లలు ఒకచోట చేరి, ఆ రోజు తాము చూసిన బ్యాట్‌మాన్ గురించి చెప్పుకుంటారు. ఒకరికి అతను కదిలే నీడ. ఇంకొకరికి సగం మనిషి సగం గబ్బిలం. మూడో పిల్లాడికి రోబో. ఎవరికి వాళ్లు తమదే నిజమంటారు. చివర్లో అసలు బ్యాట్‌మాన్ వాళ్ల ముందే ఊడిపడతాడు. దెబ్బలు తగిలి, ఆయాసపడుతూ, వట్టి మనిషిగా. నాలుగో పిల్లాడు సాయం చేస్తే గానీ గట్టెక్కడు.

ఏం జరిగిందో చూడండి. పదమూడు నిమిషాలు కూడా కాకుండానే నాలుగు రకాల బ్యాట్‌మాన్లు చూసేశాం, ఆ తేడా కథలో భాగమైపోయింది. చూసే కంటిని బట్టి అతను మారతాడు అన్న రూలు మన బుర్రలోకి ఎక్కేసింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇక రెండో సినిమాలో దవడ మారినా, మూడో సినిమాలో జుట్టు మారినా మనకి అభ్యంతరం లేదు. ఈ ఆలోచన వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు, 1970ల బ్యాట్‌మాన్ కామిక్స్‌లోనే పిల్లలు ఇలా చెప్పుకునే కథ ఉంది. కానీ దాన్ని తెచ్చి ఆంథాలజీకి మొదటి మెట్టుగా వేయడం, అదీ తెలివి. అదే కథ నాలుగో స్థానంలో ఉంటే వట్టి ముచ్చటగా మిగిలిపోయేది.

ఇక్కడ 2003లో వచ్చిన 'ది యానిమాట్రిక్స్' గుర్తుచేసి, అందులో తొమ్మిది సినిమాలు తొమ్మిది రకాలుగా ఉన్నాయి కదా అంటారేమో. అది వేరు. అక్కడ తొమ్మిదింటికీ ఉమ్మడిగా ఉన్నది లోకం, మనిషి కాదు. ఒక్కో కథకి ఒక్కో ప్రధాన పాత్ర ఉన్నప్పుడు స్టైల్ మారితే నష్టమేమీ లేదు. సూపర్‌హీరో ఆంథాలజీ కష్టమంతా ఒకే మనిషిని పదేపదే చూపించాల్సి రావడంలోనే ఉంది.

ఇక చేతులు మారే వస్తువు. మొదటి సినిమాలో పట్టుబడ్డ దొంగని రెండో సినిమాలో ఇద్దరు డిటెక్టివ్‌లు, క్రిస్పస్ అలెన్, ఆనా రమిరెజ్, మతిచెడిన నేరస్తుల్ని ఉంచే ఆర్కమ్ ఆసుపత్రిలో దింపడానికి తీసుకెళ్తారు. తిరిగొస్తూ రెండు గ్యాంగుల మధ్య కాల్పుల్లో ఇరుక్కుంటారు. మూడో దాంట్లో ఆ గ్యాంగుల గొడవనే బ్యాట్‌మాన్ అదుపు చేయాలని చూస్తాడు. నాలుగులో మళ్లీ ఆ డిటెక్టివ్‌లు. పైకి కనపడే గొలుసు ఇది.

దీని అడుగున ఇంకో గొలుసుంది: తుపాకీ. మూడో సినిమాలో, బ్యాట్‌మాన్‌కి పరికరాలు సమకూర్చే లూషియస్ ఫాక్స్ ఇచ్చిన ఒక పరికరం తూటాల్ని పక్కకి మళ్లించేస్తుంది. బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. కానీ మళ్లిన తూటా ఒకటి అవతలి గ్యాంగు కుర్రాడికి తగులుతుంది. బ్యాట్‌మాన్ వాణ్ణి ఆసుపత్రిలో చేర్చి, పరికరం తిరిగి ఇచ్చేస్తాడు. పణంగా పెడితే నా ప్రాణం పెడతాను గానీ ఇంకొకరిది కాదని. ఐదో సినిమాలో అతని పొట్టలోనే తూటా దిగుతుంది. ఆరో సినిమాలో గురి తప్పని హంతకుడు డెడ్‌షాట్ వస్తాడు. తల్లిదండ్రుల్ని తుపాకీకి పోగొట్టుకున్నవాడి కథ ఇది అని ఎక్కడా అరిచి చెప్పరు, కానీ ఒక్కో సినిమా ఆ తుపాకీని కొంచెం కొంచెం అతని దగ్గరికి జరుపుతూ వస్తుంది.

ఐదో సినిమా చివరి షాట్ల కోసమైనా ఆ డిస్క్ ఒకసారి పెట్టండి. దర్శకుడు తొషియుకి కుబోవోకా. గాయంతో సొరంగాల్లో ఈడ్చుకుంటూ నడిచే బ్యాట్‌మాన్‌కి, మధ్యమధ్యలో తను కుర్రవాడిగా భారతదేశంలో తిరిగిన రోజులు గుర్తొస్తుంటాయి. నొప్పిని ఓర్చుకోవడం ఎలాగో అక్కడ కసాండ్రా అనే ఆవిడ దగ్గర నేర్చుకుంటాడు. ఇండియా అనగానే ఫకీర్లు, నొప్పి తెలియని సాధన, ఆ పాత చింతకాయ పచ్చడి చూసి నాకు కొంచెం విసుగొచ్చిన మాట నిజమే. కానీ ముగింపు ఆ విసుగుని మరిపిస్తుంది. చెత్తాచెదారం మధ్య కూలబడ్డవాడికి, ఎవరో పారేసిన తుపాకీ ఒకటి దొరుకుతుంది. చెత్త కదిలిస్తే ఇంకోటి. ఇంకోటి. వెతుక్కుంటూ వచ్చిన అతని బట్లర్ ఆల్ఫ్రెడ్ పైనుంచి చెయ్యి అందిస్తాడు. పట్టుకోమంటాడు. బ్యాట్‌మాన్ తన వల్ల కాదంటాడు. రెండు చేతుల నిండా తుపాకులే.

స్టోరీబోర్డు గీసేవాడిగా చెబుతున్నాను, ఆ చోట పాత్ర మొహం ఎలా గీశారన్నది ఎవరికీ పట్టదు. చెయ్యి ఖాళీగా లేకపోవడం, అంతే. ఆరో సినిమాలో అతను తుపాకీ చేతిలోకి తీసుకుని, దాని మీద మోజు ఎందుకు పుడుతుందో అర్థమవుతోందని ఆల్ఫ్రెడ్‌తో అన్నప్పుడు, బొమ్మలు గీసింది వేరే స్టూడియో అన్న సంగతే గుర్తురాదు. గీత మారింది, బరువు మారలేదు.

బిగించాల్సినవాటిలో మూడోది గొంతు. ఆరింటిలోనూ బ్యాట్‌మాన్‌కి గొంతు ఇచ్చింది కెవిన్ కాన్‌రాయ్. 1992 టీవీ సీరియల్‌లోనూ ఆ పాత్రకి ఆయనే. 2022లో పోయారు. కళ్లు మూసుకుని వింటే ఇది ఒకే సినిమా. అయితే ఇందులో ఒక చిక్కుంది, మీరూ ఎదుర్కొంటారు. మూడో సినిమాలో బ్రూస్ (ముసుగు తీసిన బ్యాట్‌మాన్) పాలుగారే కుర్రాడిలా ఉంటాడు, నోరు తెరిస్తే నలభై ఏళ్ల మనిషి గంభీరమైన గొంతు వస్తుంది. నాకు ఆ అతుకు చివరిదాకా కనిపిస్తూనే ఉంది. అంటే గొంతు ముందు రికార్డు చేసి, దాన్ని అందరికీ వినిపించి, ఆ గొంతుకి సరిపోయే వయసులోనే గీయమనాలి. స్టైల్ ఎంతైనా మార్చుకోండి, వయసు మాత్రం మార్చకండి.

మొత్తం సినిమా గొప్పదా అంటే, కాదు. రెండో సినిమా మామూలు పోలీసు కథ. నాలుగో దాంట్లో ఆ సిరా నీడలు కళ్లు తిప్పుకోనివ్వవు గానీ, స్కేర్‌క్రో, కిల్లర్ క్రాక్ అనే ఇద్దరు విలన్లు, కిడ్నాపైన కార్డినల్ (చర్చి పెద్ద) అంతా కలిపి ఆ కాస్త నిడివిలో కుక్కేశారు. ఏ ఒక్కటీ కుదురుగా నిలబడదు. మీకు రెండేసి నిమిషాలే కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. ఒక విలన్, ఒక చోటు, ఒక పని. అంతకు మించి పట్టదు.

ఇప్పుడు నా సొంత గోడు. చాలా ఏళ్ల కిందట మేం ఐదుగురం, రాత్రిళ్లు ఆఫీసు అయ్యాక, ఇలాంటిదే ఒకటి చేశాం. హీరో కరెంటు లైన్‌మాన్. పగలు స్తంభాలెక్కుతాడు, రాత్రి ముసుగేసుకుంటాడు. అప్పటికే 'గోథమ్ నైట్' తలకెక్కి ఉంది. "ఎవరి స్టైల్ వాళ్లది" అని నేనే వాదించి గెలిచాను. ఒకడు ఆరడుగుల మనిషిని గీశాడు. ఒకడు బొద్దుగా, పెద్ద తలతో. నేను బొగ్గు గీతల్లాంటి టెక్స్చర్‌తో. తెలిసినవాళ్లని ఓ ముప్పై మందిని పిలిచి ఒక హాల్లో వేశాం. మూడో సినిమా మొదలైన కాసేపటికి మా టీమ్‌లో ఒకతని అమ్మగారు, వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా అడిగారు: "బాబూ, ఇందాకటి నల్లటాయన ఏమయ్యాడు? ఈ పొట్టాయన ఎవరు?"

హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తర్వాత కూర్చుని చూస్తే తెలిసింది. లైన్‌మాన్‌కి రబ్బరు గ్లౌజులు ఉండాలని అందరం అనుకున్నాం, రంగు అనుకోలేదు. ఒకరివి పసుపు, ఒకరివి నలుపు, ఒకతను ఎరుపు. నడుముకి కటింగ్ ప్లేయర్ అనుకున్నాం, ఇద్దరు మర్చిపోయారు. మళ్లీ గీయలేం. గ్లౌజులు మాత్రం అన్ని సినిమాల్లోనూ కంపోజిటింగ్‌లో (బొమ్మల పొరలన్నీ కలిపే దశలో) నారింజ రంగుకి మార్చాం. ఇంకే రంగూ, ఇంకే వస్తువూ ఆ నారింజలో లేకుండా చూసుకున్నాం. దానికి పదకొండు రాత్రులు పట్టింది. రెండోసారి వేసినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. మొహాలు అవే, ఎత్తులు అవే, కలిపింది ఆ గ్లౌజులే.

ఇంకో పొరపాటు చెబితే మీరు నవ్వుతారు. మాలో ఒకతను పని అంతా సెకనుకి 25 ఫ్రేములతో చేశాడు, మిగతావాళ్లం 24. అతను ఇచ్చింది బొమ్మల వరస, సౌండ్ వేరే ఫైలు. రెండు నిమిషాలకి 3,000 ఫ్రేములు. వాటిని 24 టైమ్‌లైన్‌లో పడేస్తే 125 సెకన్లు అయింది. సౌండ్ అయిపోయాక ఐదు సెకన్లు హీరో మూగగా పోట్లాడుతూనే ఉన్నాడు. కొందరు దాన్ని ఆర్ట్ అనుకుని మెచ్చుకున్నారు కూడా. మీరు మాత్రం ఫ్రేమ్ రేటు, సైజు, సౌండ్ లెవెల్ మొదటి రోజే గోడ మీద రాసి అంటించండి.

మీరు ఏం చేయాలంటే, మోడల్ షీట్ బదులు ఒక్క పేజీ గుర్తుల షీట్ చేసుకోండి. హీరోని పూర్తిగా నల్లగా నింపేసినా గుర్తుపట్టేలా నీడరూపు ఒకటి. ఇంకెవరికీ వాడని ఒక రంగు. ఒక అలవాటు: మెడ విరుచుకోవడమో, చెప్పు వదిలేసి గోడెక్కడమో, ఏదైనా సరే. ఒక వస్తువు, దానితో పాటు ఒక్కో సినిమా చివర అది ఎవరి చేతిలో ఉందో. ఈ ఆఖరిది మాత్రం వాట్సాప్‌లో కాదు, అందరూ ఒకచోట కూర్చుని రాసుకోవాలి. ఎందుకంటే మీ సినిమా మొదటి షాట్‌ని మీ ముందు సినిమా తీసినవాడు నిర్ణయిస్తాడు. ఇది ఒప్పుకోవడానికి చాలామందికి అహం అడ్డొస్తుంది. మాకూ వచ్చింది.

స్టైల్ తేడా ఎందుకో మొదటి సినిమాలోనే చూపించేయండి. పిల్లలు చెప్పుకునే కథల పద్ధతి ఇప్పటికే వాడేశారు కాబట్టి ఇంకేదైనా. ఒకే దొంగతనం గురించి పోలీస్ స్టేషన్‌లో ముగ్గురు సాక్షులు మూడు రకాల పోలికలు చెబుతుంటే, స్కెచ్ గీసే ఆర్టిస్ట్ తల పట్టుకోవచ్చు. బస్టాండ్ గోడ మీద ఎవరెవరో గీసిన హీరో బొమ్మలు కావచ్చు. ఏదైనా, మొదటి ముప్పై సెకన్లలో.

పనిభారం సంగతి కూడా లెక్కేసుకోండి. రెండు నిమిషాలంటే 2,880 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా 1,440 బొమ్మలు, ఒక్కొక్కరికి. ఆరుగురిలో ఒకరు చివర్లో చేతులెత్తేస్తారు, ఇది శాపం కాదు, అనుభవం. అందుకని ఆ చేతులు మారే వస్తువు గొలుసుని, మధ్యలో ఏ ఒక్క సినిమా తీసేసినా తెగిపోకుండా కట్టుకోండి.

యానిమాటిక్‌లు (స్టోరీబోర్డు బొమ్మల్నే టైమింగ్‌తో వరసగా పేర్చిన కచ్చా సినిమాలు) అయ్యాక, రంగులు వేయకముందే, ఆరూ వరసగా అతికించండి. దాన్ని మీ గైడ్ సార్‌కి కాదు, మీ ఇంట్లో యానిమేషన్ అంటే ఏంటో తెలియని పెద్దావిడకి చూపించండి. మీరు పక్కన కూర్చుని నోరు మూసుకోండి, కాగితం పెన్ను పట్టుకుని. ఆవిడ "ఈయనెవరు?" అన్న ప్రతిచోటా టైమ్‌కోడ్ రాసుకోండి. మాకు ఆ రోజు హాల్లో వచ్చింది నాలుగు నిమిషాల పన్నెండో సెకను దగ్గర.